పొట్లాలు కట్టిన చెయ్యి

నిన్న మధ్యాహ్నం చోడవరం బస్టాండు దగ్గర, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, టీకొట్టువాడి స్టూలు ఎక్కి ఒక ఫ్లెక్సీని కత్తెరతో కోసేశాను. స్టూలు కదలకుండా మా తోడికోడలు కింద పట్టుకుంది. చూసినవాళ్ళు నాకు మతి చలించిందనుకునే ఉంటారు. కరోనా రోజుల్లో అన్నం పొట్లాలు పంచిన మా వీధివాళ్ళకి ఆదివారం సన్మానమట. ఆ ఫ్లెక్సీలో నిలువెత్తున నవ్వుతూ నేనున్నాను, నా ఎదుట చేతిలో పొట్లంతో, తల పక్కకి తిప్పుకుని ఒక ఆడమనిషి ఉంది. ఆ మనిషి ఎవరో తెలిసినవాళ్ళకి నా కోపం వేరే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను.

ఆవిడ మా వీధి మొగలో ఇడ్లీలు అమ్మేది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అందుకని అప్పా అని పిలిచేదాన్ని, నన్ను సెల్లీ అనేది. ఆసుపత్రిలో నర్సుగా పొద్దుటి డ్యూటీకి పరిగెత్తే రోజుల్లో చెయ్యి పట్టుకుని ఆపి, "తినేసెల్లు సెల్లీ, రోగులెక్కడికీ పారిపోరు" అని అడ్డాకులో రెండిడ్లీలు పెట్టి నా చేతిలో పెట్టేది. అలా ఇరవై ఏళ్ళు ఆవిడ చేతి తిండి తిన్నాను.

లాక్‌డౌన్ పెట్టాక మా వెనక వీధిలో చెరకు లారీలకెత్తే కూలీలు, ఆటోవాళ్ళు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు పస్తులుంటున్నారని తెలిసి, ఎదురింటి మాస్టారు పది ఇళ్ళవాళ్ళని పోగుచేశారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, పదిమందికీ తెలిసినవారు, బియ్యం పప్పు ఇచ్చేవాళ్ళని ఆయనే చూశారు. ఆ మాట దాచను, ఆయన లేకపోతే అసలు పొయ్యి వెలిగేది కాదు. వంట మా పెరట్లో. మూతులకి గుడ్డలు కట్టుకుని, దూరం దూరంగా పీటలేసుకుని, పులిహోరో పప్పన్నమో పొట్లాలు కట్టేవాళ్ళం. రెండోరోజు అప్ప వచ్చి గుమ్మంలో నిలబడింది. "కొట్టు మూసేసేరు కదా, ఇంటికాడ కూకుని ఏటి సేస్తాను, నానూ కడతాను" అంది. మేం ఒకటి కట్టేలోగా ఆవిడ మూడు కట్టేది. పురికొస వేలికి చుట్టి ఒక్క విసురు విసిరితే ముడి పడేది, మేమంతా పని మానేసి చూసేవాళ్ళం.

పని అయ్యాక పొట్లం తీసుకెళ్ళమంటే, "వొండేసే వొచ్చేను" అనేది రోజూ. నేను నమ్మాను. ముప్ఫయ్యేళ్ళు రోగుల కళ్ళ రెప్పలు తిప్పి రక్తం లేదని చెప్పినదాన్ని, కొట్టు మూసేసిన మనిషికి వండుకోవడానికి ఏముంటుందని పక్కనే కూర్చుని అయిదు రోజులు ఆలోచించలేదు. ఆవిడ వచ్చిన ఆరోరోజు, పొట్లం కడుతూ కడుతూ గోడకి జారగిలబడింది. ఒళ్ళంతా చల్లని చెమట. నీళ్ళు తాగించి, తిని ఎన్నాళ్ళయిందని అడిగితే మళ్ళీ పురికొస అందుకోబోయింది. నేనో పొట్లం తీసి, చిన్నపిల్లకి పెట్టినట్టు నవ్వుతూ, బతిమాలుతూ ఆవిడ చేతిలో పెట్టాను. అప్పుడు మాస్టారి ఫోను టక్కుమంది.

"అందరివీ తీస్తన్నాం కదమ్మా, బియ్యం ఇచ్చినోళ్ళకి చూపించాలి" అన్నారు, తప్పేముందన్నట్టు.

అప్ప లేచింది. "నాను పొట్లాలు కట్టడానికొచ్చేను బాబూ, అడుక్కోడానికి రాలేదు" అంది. పొట్లాన్ని మళ్ళీ వరసలో సర్దిపెట్టి వెళ్ళిపోయింది.

నేను ఒక్క మాట అనలేదు. ఆ ఫోటో తీసెయ్యండి అని అక్కడే అనాల్సింది. ఇంకా సగం పొట్లాలు కట్టాలి కదా అనుకుని ఊరుకున్నాను. మాస్టారి మీద ఎంత కోపముందో, నా మీద నాకు అంతకి రెట్టింపుంది.

సాయంత్రానికి ఆ ఫోటో గ్రూపులన్నీ తిరిగి వడ్డాదిలో అప్ప కూతురి అత్తవారి ఫోనుల్లోకి చేరింది. మీ అమ్మ పొట్లాల కోసం చెయ్యి చాపుతోందట కదా అని ఆ పిల్లని వాళ్ళు ఎత్తిపొడిచారు. సంగతి తెలిసి పరిగెత్తుకెళ్తే అప్ప తలుపు తియ్యలేదు. లోపల్నించే, "నీ మీద నాకేటీ కోపం లేదు సెల్లీ, ఎల్లిపో" అంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఫోను బయటికి తీస్తే నేను వండనని మాస్టారితో చెప్పాను. ఫోటోల్లేకపోతే బియ్యం రావన్నారు. రాకపోతే మానె అని, నేనూ మా తోడికోడలూ ఇంట్లో ఉన్నదే వండి, పొట్లాలు బుట్టలో పెట్టి, గుడ్డ కప్పి, వీధరుగు మీద ఉంచి తలుపులు వేసుకునేవాళ్ళం. మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ. ఒకరోజు అడుగున ఎవరో కట్ట గోంగూర పెట్టి వెళ్ళారు. ఎవరు తిన్నారో ఇప్పటికీ తెలియదు. అప్ప మాత్రం ఆ బుట్ట జోలికి వచ్చి ఉండదు.

ఆ తరవాత ఆవిడ ఇడ్లీ కొట్టు గోవాడ రోడ్డుకి మార్చేసింది. ఒకసారి వెళ్ళి నిలబడ్డాను. "ఎన్ని ప్లేట్లండీ" అని అడిగింది. తిన్నాను, వచ్చేశాను. మళ్ళీ వెళ్ళే మొహం లేకపోయింది.

ఇన్నేళ్ళకి నిన్న ఆ ఫోటో బస్టాండులో వేలాడుతుంటే మాస్టారికి ఫోను చేశాను. "ప్రింటైపోయిందమ్మా, మీరెంత బాగా పడ్డారో చూసేరా" అన్నారు. అందుకని కత్తెర. అప్ప ఉన్న ముక్కని కోసి, ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టాను. ఇప్పుడక్కడ నేను ఒక కన్నం వైపు చూసి నవ్వుతున్నాను. ఆదివారం నేను వెళ్ళను.

ఆకలి మా చిన్నప్పుడూ ఉండేది, ఇప్పటికంటే ఎక్కువే ఉండేది. ఆ రోజులు మంచివని నేననను, మా అమ్మ కూడా కొందరికి అంబలి దూరం నుంచే పోసేది, అదీ నాకు గుర్తే. పెట్టే చేతులు ఇప్పుడే ఎక్కువ. కానీ ఎదుటి మనిషి తింటుంటే చూపు తిప్పుకునే మర్యాద ఎక్కడో పోయింది. ఎండాకాలం పెరటి గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి అమ్మ చోడి అంబలి పోసి, వాళ్ళు తాగినంతసేపూ ఆనపపాదు వైపే చూస్తూ నిలబడేది. ఏమిటమ్మా అంటే, పాదు ఎండిపోతోందే అనేది. మా పెరట్లో ఆ పాదు ఏనాడూ ఎండలేదని నాకు చాలా ఏళ్ళకి గాని తట్టలేదు.