పులుసుకి పేరు మార్చిన వాళ్ళు

మొన్న శనివారం ఉదయం ఇక్కడ గల్ఫులో, అజ్మాన్‌లోని మా బాల్కనీలో కూర్చుని టీ తాగుతుంటే, మా బావమరిది ఫోనుకి ఒక వీడియో పంపించాడు. హోటళ్ళ పనిలో ఉన్నవాణ్ణి కదా, నాకు పనికొస్తుందని అతని ఉద్దేశం. అందులో నల్ల టీషర్టు వేసుకున్న ఒక పెద్దమనిషి, ఫిలిప్పీన్స్ వంటలు థాయి వంటల్లాగా, జపాను వంటల్లాగా దేశదేశాలకీ ఎందుకు పాకలేదో వేళ్ళు మడుస్తూ చెబుతున్నాడు. ఆ కూరలన్నీ మట్టిరంగులో ఉంటాయట, ఫొటోకి పనికిరావట. పులుపు ఎక్కువట. పులియబెట్టిన రొయ్యల ముద్ద వాసన కొత్తవాళ్ళు భరించలేరట. చివరికి, ఆ దేశపు వాళ్ళకే తమ తిండి మీద నమ్మకం లేదట. ఆ ముక్క విన్నాక ఫోను బోర్లించి పెట్టేశాను. మన గోంగూర మాంసం ఏ రంగులో ఉంటుందని ఇతని అభిప్రాయం? జనం రంగూ వాసనా చూసే తింటారనుకుంటే, కాకినాడ తీరంలో పుట్టిన మేమంతా చిన్నప్పుడే పస్తులతో పోయి ఉండాలి. అసలు కారణం నాకు తెలుసు. కరామాలో ఒక రెస్టారెంటులో, ఒక మధ్యాహ్నం పూట, ముగ్గురు మగవాళ్ళు కూర్చుని దాన్ని తయారుచేశారు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి.

నేనప్పుడు ఆ రెస్టారెంటుకి మేనేజరుని. బోర్డు మీద ఏషియన్ అని ఉండేది. అంటే ఏ దేశమూ కాదని అర్థం. గోడల నిండా బ్యాంకాక్ పడవల బొమ్మలు, తలుపు పక్కన చెయ్యి ఊపే జపాను పిల్లి, టేబుళ్ళ మీద చైనా డ్రాగన్లు అచ్చేసిన కాగితాలు. వంటింట్లో ఉన్న నలుగురూ మాత్రం ఫిలిప్పీన్స్ వాళ్ళు. థాయి కూరా వాళ్ళదే, సుషీ వాళ్ళదే, మంచూరియా కూడా వాళ్ళదే. యజమానిని మేమంతా ముదీర్ అనేవాళ్ళం, అరబ్బీలో అధికారి అని. ఆయన ఏ దేశం వాడో చెప్పను, ఆ దేశంలో మంచివాళ్ళు కూడా ఉన్నారు. పెద్ద వంటామెకి యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, కళ్ళద్దాలకి తాడు కట్టి మెడలో వేలాడదీసుకునేది. అందరూ ఆవిణ్ణి ఆతే అని పిలిచేవాళ్ళు, వాళ్ళ భాషలో అక్క అని. ఎవరైనా అడిగితే బ్యాంకాక్‌లో వంట నేర్చుకున్నానని చెప్పమని ముదీర్ ఆజ్ఞ. ఆవిడ బ్యాంకాక్‌ని విమానంలోంచి కూడా చూసి ఎరగదు. సుషీ తిని వెళ్తూ వెళ్తూ కొందరు వంటింటి కిటికీ వైపు చేతులు జోడించి జపాను వాళ్ళలా వంగేవాళ్ళు. ఆవిడా వంగేది. ఆ వంగేవాళ్ళు ఆవిడ సొంత తిండిని ముక్కుతో కూడా చూసేవాళ్ళు కాదు.

సొంత తిండి వాళ్ళు వెనక సామాన్ల గదిలో, తలుపేసుకుని తినేవాళ్ళు. తలుపు వేయించినవాణ్ణి నేనే. వాసన హాల్లోకి రాకూడదని ముదీర్ చెప్పాడు, నేను ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్ళి అమలు చేశాను. మా ఇంట్లో ఎండు నెత్తళ్ళు వేపితే వీధి మలుపు దాకా తెలిసేది. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి రుమాలు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. కోటు తొడిగించి చేతిలో జాబితా పెడితే మనిషికి ముక్కు కూడా కొత్తది మొలుస్తుంది కాబోలు.

రెండువేల ఇరవైలో ఊరు మూతపడింది. బయటికి కదలాలంటే అనుమతి కావాలి. మా ఆవిడ అజ్మాన్‌లో ఉండిపోయింది, నేను కరామాలో రెస్టారెంటు మీది ఫ్లాటులో, వంటవాళ్ళతో పాటు ఇరుక్కుపోయాను. వాళ్ళకి ఒక గది, నాకు హాల్లో ఒక పరుపు. మొదటి రెండు రోజులూ పెరుగన్నం తిని గౌరవం నిలబెట్టుకున్నాను. మూడో రోజు ఆతే ఒక గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "కుయా, తిను. సన్నబడిపోతున్నావు," అంది. కుయా అంటే అన్న. నాకంటే పెద్దది, అయినా అలాగే పిలిచింది, వాళ్ళలో అది మర్యాద. గిన్నెలో చింతపండు పులుసు, ముల్లంగి ముక్కలు, చేమదుంప, తలలతో సహా రొయ్యలు, నిలువుగా వేసిన పచ్చిమిరపకాయలు. పైన తేలుతున్న ఆకు ఏమిటా అని చూస్తే తూటికూర. పోపు లేదు, పసుపు లేదు, తక్కినదంతా మా అమ్మ వంటే. దాని పేరు సినిగాంగ్ అని చెప్పింది. మూడు గిన్నెలు తిన్నాను. మా ఆవిడకి ఫోను చేసి చెబితే, "తూటికూరా? కాలవ గట్టున గేదెలు మేసేదేగదండీ అది," అంది. ఆ తరవాత రెండు వారాలూ నేను గేదెలాగే మేశాను. కోడిపులుసులో పచ్చి బొప్పాయి ముక్కలూ మునగాకూ వేసేది. కాకరకాయ గుడ్డుతో వేపేది. రొయ్యల ముద్ద పచ్చి మామిడికాయకి అద్దుకుని తినడం నేర్పింది. కిటికీ దగ్గర కింద కూర్చుని తింటూ, వాళ్ళ దీవిలో జాలర్ల సంగతులు చెప్పేది. మా ఉప్పాడ సంగతులు నేను చెప్పేవాణ్ణి. రుమాలు సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఊరు తెరిచాక హాలు తెరిచాం గానీ జనం రాలేదు. ముదీర్ రోజూ నెత్తి పట్టుకునేవాడు. ధైర్యం చేసి నేనే అన్నాను, ఆతే చేత వాళ్ళ వంటలే చేయించి పెడదాం సార్ అని. ఆయన నన్ను జాలిగా చూసి, "అరే భాయ్, ఫిలిపినో తిండి ఎవరు తింటారు? నర్సులూ, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళూ తింటారు. వాళ్ళ కోసం ఏసీ వెయ్యాలా నేను?" అన్నాడు. ఆయన ఇంట్లో పిల్లల్ని పెంచిందీ, ఆయన తల్లికి ఆసుపత్రిలో మందులిచ్చిందీ ఆ దేశపు ఆడవాళ్ళే. చేతులు కావాలి, వాళ్ళు తినే పళ్ళెం మాత్రం కంటబడకూడదు. నేను పట్టువదలకుండా పోరితే, ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. సలహాదారుని పిలిపిస్తాను, ఆయన ఊ అంటే సరే అని.

ఆ సలహాదారు కాళ్ళకి మేజోళ్ళు లేకుండా తోలు బూట్లు వేసుకుని వచ్చాడు. ఆతే పొద్దున్నించీ నిలబడి అయిదు వంటలు చేసింది. ఆ రోజు కళ్ళద్దాలు తుడుచుకుని, కొత్త ఏప్రాన్ కట్టుకుంది. సామాన్ల గది తలుపు బార్లా తీసి ఉంది. ఆయన ప్రతి గిన్నెలోంచీ చెంచా చివర నాలిక్కి తాకించి ఫోన్లో ఏదో రాసుకున్నాడు. తరవాత తీర్పు చెప్పాడు. పులుపు సగానికి తగ్గించాలి. రొయ్యల తలలు తీసెయ్యాలి, చూస్తున్నట్టుంటాయి. తూటికూర బదులు పాలకూర. మునగాకు పొడిగా చల్లాలి, అందరూ అదేదో మందని కొనుక్కుంటున్నారు. "ఇక ఈ పేరు. సినిగాంగ్ అంటే ఎవరికీ తెలీదు. మనీలా టామ్ యమ్ అని పెట్టండి," అన్నాడు. ముదీర్ బల్ల మీద చరిచి, "ఖలాస్, అదే పేరు," అన్నాడు.

ఆతే అంతవరకూ పక్కనే చేతులు కట్టుకుని వింటోంది. పులుపు తగ్గించమంటే తల ఊపింది. పాలకూర అంటే తల ఊపింది. పేరు దగ్గర ఆగింది. "సర్, టామ్ యమ్ థాయి వాళ్ళ పులుసు. అది రోజూ వండుతూనే ఉన్నాను. ఇది మాది. దీనికి పేరుంది," అంది, ఇంగ్లీషులో, చాలా మెల్లగా. ముదీర్ నవ్వి నా వైపు తిరిగాడు. "మేనేజర్, నువ్వు చెప్పు. ఇదంతా నీ ఐడియానేగా. పేరులో ఏముంది?" ఆతే కూడా నా వైపే చూసింది. మూడు గిన్నెలు తిన్నవాణ్ణి, వాళ్ళ అన్నని. నేను, "పేరుదేముంది సార్, బిజినెస్ కదా. కస్టమర్‌కి తెలిసిన పేరు ఉంటే మంచిదే," అన్నాను. ఆ వాక్యాన్ని ఎంత పొందిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత.

ఆవిడ ఏప్రాన్ విప్పి, మడిచి, బల్ల చివర పెట్టింది. "అయితే బ్యాంకాక్ ఆవిణ్ణి పిలిపించుకోండి సర్," అని ముదీర్‌తో అంది. నాతో, "గుడ్ డే, సర్," అంది. ఆ ఫ్లాటులో నన్ను ఒక్కసారి కూడా సర్ అనలేదు. నెల తిరక్కుండా మా రెస్టారెంటు వీసా రద్దు చేయించుకుని వెళ్ళిపోయింది. మనీలా టామ్ యమ్ మాత్రం మెనూలో ఎక్కింది. ఎక్కడినుంచో తెచ్చిన కుర్ర చెఫ్ వండేవాడు. పాలకూర తేలే తియ్యటి ఎర్రనీళ్ళు. ఫొటోలు తీసినవాళ్ళు తీసుకున్నారు, తిన్నవాళ్ళు లేరు. ఒకరోజు ఫిలిప్పీన్స్ నర్సులు నలుగురు వచ్చి, చెంచాడు తాగి, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని లేచిపోయారు. మూడో నెలలో ముదీర్ దాన్ని తీసేస్తూ, పరిశోధన పూర్తయినవాడిలా నాతో అన్నాడు: "చెప్పానా లేదా? ఫిలిపినో ఫుడ్ నడవదు. వాళ్ళే తినలేదు చూశావా." ఆ సలహాదారు ఇప్పుడు ఎక్కడో ఇదే మాట ఉపన్యాసంగా చెబుతూ ఉంటాడు. ఆ వీడియోలో నల్ల టీషర్టు పెద్దమనిషికి కూడా ఇలాగే ఎక్కడినుంచో ఈ మాట చేరి ఉంటుంది. గొంతు నులిమినవాళ్ళే వచ్చి, పాపం పుట్టుకతోనే ఊపిరి తక్కువ అని రాసిపోతారు.

ఆ తరవాత నేనూ అక్కడ మానేశాను. దాన్ని ధైర్యం అనుకోకండి, రెస్టారెంటే మూసేశారు. రెండేళ్ళ కిందట, అదే ఊళ్ళో సత్వాలో ఒక సందులో ఆతే చిన్న క్యాంటీన్‌లో వండుతోందని పాత వెయిటరు చెబితే, మా ఆవిణ్ణి తీసుకుని ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. పది బల్లలు, ఒక్కటీ ఖాళీ లేదు. డ్యూటీ దిగొచ్చిన నర్సులు, డ్రైవర్లు, పిల్లల్ని చంకనేసుకున్న ఆయాలు గోడకి ఆనుకుని వంతు కోసం నిలబడ్డారు. బయటివాళ్ళం మేమిద్దరమే. గోడ మీద సినిగాంగ్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మా ఆవిడ రెండు చెంచాలు తాగి, "మన ముక్కల పులుసేగదండీ ఇది. ఇంగువొక్కటే తక్కువ," అని గిన్నె తన వైపు లాక్కుంది.

ఆతే బయటికి వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని పలకరించింది. నాతో, "బాగున్నారా సర్," అంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఇంత బాగా వండుతున్నారు, బయటివాళ్ళకి కూడా తెలిసేలా పెద్ద వీధిలో పెట్టకపోయారా అన్నాను. ఆవిడ హాలంతా ఒకసారి కలియజూసి నవ్వింది. "బయటివాళ్ళు ఎందుకు సర్? మాకే కుర్చీలు చాలట్లేదు." అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, జవాబు చెప్పుకునేవాణ్ణి. లోపలినుంచి ఎవరో ఆతే అని పిలిస్తే వెళ్ళిపోయింది. వంతు కోసం నిలబడ్డవాళ్ళు మా కుర్చీల వైపు చూస్తుంటే, మేము లేచాం.

తిరుగు బస్సులో మా ఆవిడ, మీరంటే ఆవిడకి ఎంత మర్యాదండీ అంది. ఆ రోజు ముదీర్ ముందు ఆ మాట అనకుండా ఉండడానికి నాకు దొరికినవి నాలుగు క్షణాలే. దాన్ని తలుచుకుంటూ కూర్చోడానికి మాత్రం ఇన్నేళ్ళు దొరికాయి.