పడవ దిగనిచ్చేదాకా

ఫోన్ల దుకాణాల్లో సౌదీలే పనిచేయాలని నితాఖత్ రూలు వచ్చాక మా ఆయన ఉద్యోగం పోయింది. అతన్ని వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీలు, లెవీ కట్టి, దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యూవల్ చేయించడం దండగనుకున్నాడు. పైగా పనివాడు పారిపోయాడని రాయించాడు. ఇక పోలీసులకు దొరికితే దేశం నుంచి పంపేయడమే. జిద్దా షరఫియా పేటలో ఒక టైలరు కొట్టు పైగదిలో తలదాచుకున్నాడు.

నేను జిద్దాలో ఒక కలవారింట్లో ముసలావిడకు నర్సుని. షుగరు, దాని మీద పక్షవాతం. ఆ వేసవిలో ఆవిడ కొడుకు జర్మనీలో ఒక పడవ అద్దెకు తీసుకుని తల్లిని నది మీద తిప్పుదామనుకున్నాడు. నేనూ వెంట వెళ్ళక తప్పదు. ఆ మాట చెప్పడానికి షరఫియా వెళ్ళాను.

"వెళ్ళు. నీ ఇఖామా కూడా పోతే ఇద్దరం రోడ్డున పడతాం," అన్నాడు మా ఆయన. "నేను గది దాటనులే."

ఆ నది పేరు మోజెల్. మా గోదావరి ముందు పిల్లకాలువ. ఒడ్డున సైకిళ్ళ మీద పోయే ముసలివాళ్ళు కూడా మా పడవను దాటిపోయేవారు. కొండల నిండా ద్రాక్షతోటలు. కొడుకు పైన కుర్చీలో పడుకుని కాఫీ తాగేవాడు. తొందర ఎవరికీ లేదు.

ఒక మధ్యాహ్నం ముసలావిడకు అన్నం తినిపిస్తుంటే టైలరు ఫోన్ చేశాడు.

"అక్కా, అన్నను పట్కపోయిన్రు. బీపీ గోలీలు అయిపోయినయని కిందికి దిగిండు, గల్లీ మొగదల దొరికిండు. తర్హీల్‌ల ఏసిన్రంట."

తర్హీల్ అంటే పంపేసేముందు ఉంచే జైలు. చెంచా కింద పెట్టి పైకి పరుగెత్తాను. కొడుకు అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు. నా పాస్‌పోర్టు మాత్రం అతని పెట్టెలో ఉంది.

"నువ్వు వెళ్ళి ఏం చేయగలవు? అమ్మకి ఇంజెక్షన్లు ఎవరిస్తారు? వారంలో అందరం వెళ్తాంగా," అన్నాడు.

ఆ సాయంత్రం పడవ లాకుల్లో ఆగింది. మా ఊరి కాలువ లాకుల్లాంటివే. తలుపులు మూసి, నీళ్ళు నెమ్మదిగా నింపుతున్నారు. పక్క గోడకు ఇనుప నిచ్చెన ఉంది. అది పట్టుకుని ఎక్కిపోదామనిపించింది. ఎక్కి ఎక్కడికి పోను? చేతిలో కాగితం ముక్క లేదు, భాష రాదు. గదిలోకి వచ్చి, ముసలావిడ నిద్రపోయిందనుకుని నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చాను.

"బింతీ," అంది ఆవిడ. కూతురా అని. ఏమైందని అడిగింది. నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో చెప్పాను.

పొద్దున ఆవిడ ముద్ద ముట్టలేదు. గుండెలో నొప్పి, ఇంటికి తీసుకుపొమ్మని కొడుకుని పట్టుకుంది. అతను నా వైపు చూశాడు. బీపీ, నాడి చూసి బాగానే ఉన్నాయని చెప్పాను.

"నా గుండె సంగతి ఆ మెషినుకేం తెలుసు," అని ఆవిడ నోరు బిగించింది.

రాత్రికీ తినకపోయేసరికి కొడుకు భయపడ్డాడు. తిరుగు టికెట్లు కొన్నాడు.

జిద్దాలో దిగాక అతనే తర్హీల్‌కి ఫోన్ చేయించాడు. అయినా గేటు దగ్గర చాలాసేపు నిలబెట్టారు. చివరికి జాలీ అవతలికి మా ఆయన్ని తెచ్చారు. గడ్డం మాసి, పట్టుబడిన రోజు చొక్కాతోనే ఉన్నాడు. వేలిముద్రలు తీసేసుకున్నారట. ఇక ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు.

"నువ్వెందుకొచ్చావు? పని పోతే?" అన్నాడు.

"ఏవండీ, బీపీ మాత్రలు ఇస్తున్నారా?"

లేదన్నట్టు తలాడించాడు. నా సంచిలో ముసలావిడ మందులన్నీ ఉన్నాయి, అతనివి లేవు. నర్సునై ఉండీ, ఆ సంగతే తట్టలేదు. ఈలోగా సిపాయి అతన్ని లోపలికి పిలిచాడు.

మర్నాడు బీపీ మాత్రలు పట్టుకుని వెళ్తే, తెల్లవారుజామునే విమానం ఎక్కించేశారని చెప్పారు. ఆ ఎండలో గోడ పక్కన కూలబడ్డాను. ముసలావిడ ఇంజెక్షన్ వేళ దాటిపోతోందని గుర్తొచ్చాకే లేచాను.