కరకట్ట బస్సులో పెద్దమ్మ పాట

పెద్దమ్మ పోయి మూడేళ్లు. ఆవిడ ఒంటరిగా పాడిన పాట ఒకే ఒక్క పాత క్యాసెట్‌లో మిగిలింది. చర్చి క్వయర్‌కు హార్మోనియం వాయించి పాటలు నేర్పిన పెదనాన్నకు అది మళ్లీ వినాలని కోరిక. చెవులు మొరాయిస్తున్నాయి. వినికిడి మిషను పెట్టుకుంటే ఫ్యాను హోరు, వీధిలో ట్రాక్టరు చప్పుడు అన్నీ కలిసి మీద పడతాయట. “మీ పెద్దమ్మ గొంతు మర్చిపోతానేమోనే” అన్నాడు ఫోన్‌లో. అందుకే అవనిగడ్డలో ఉన్న ఆయన దగ్గరికి బయల్దేరాను.

గవర్నర్‌పేటలో ఒకాయన నా దగ్గరున్న క్యాసెట్‌లోని పాటను నా ఫోన్‌లోకి ఎక్కించి పెట్టాడు. ఆ వీధిలోనే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ కొన్నాను. చెవి మొత్తం కప్పేసి బయటి చప్పుడును అణిచేసే రకం. ధర ఇక్కడ రాయను, ఇది మా ఆయన కూడా చదువుతారు.

శనివారం ఆరున్నరకు భవానీపురం నుంచి ఆటోలో బస్టాండుకు చేరాను. కరకట్ట మీదుగా అవనిగడ్డ వెళ్లే బస్సు ఏడుంపావుకు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి సీటు కావాలంటే ముందే వెళ్లండి. ఇడ్లీ కూడా అక్కడే కానిచ్చేయండి.

యనమలకుదురు దాటాక హెడ్‌ఫోన్స్ పెట్టి చూశాను. ఇంజను మోత, కండక్టరు కేకలు ఎటో పోయాయి. ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క అరటితోటలు. వేసవి సెలవులకు ఇదే దారిన వెళ్లేదాన్ని. వీధి మొగలోకే పెద్దమ్మ పాట వినపడేది. ఎంత మంచి రోజులవి!

పక్కసీటు మామ్మగారు భుజం తట్టారు. “ఈ ఎండల్లో చెవులకి మఫ్లరేంటమ్మా?”

ఆవిడకూ పెట్టి చూపించాను. వెంటనే లాగేశారు. “బాబోయ్, బావిలోకి దిగినట్టుంది. నా స్టాపు కేకేస్తే ఎవరు వింటారు?”

పావు తక్కువ పదికి దిగాను. పెదనాన్న ఇల్లు బస్టాండుకు నాలుగడుగులే. మంచినీళ్లు తాగి, ఆయన చెవులకు తగిలించి పాట వేశాను. వేళ్లు మోకాలి మీద హార్మోనియం మెట్లు వెతుక్కున్నాయి. “అదేనే! మీ పెద్దమ్మే!” అని కేకేశాడు. నాకు ఏడుపొచ్చింది.

రెండో చరణం దగ్గర ఆయన ముఖం మారింది. “మళ్లీ వెయ్యి.” మూడుసార్లు వేశాను. రికార్డు చేసిన రోజున అక్కడే తాళం తప్పావంటూ క్వయరందరి ముందూ పెద్దమ్మను తిట్టాడు. చాప మీద కూర్చుని నేనూ విన్నాను. ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా ఆవిడ ఒంటరిగా పాడలేదు. వెనక వరసలో నిలబడి అందరితో గొంతు కలిపేది.

పెదనాన్న హెడ్‌ఫోన్స్ మెడ మీదికి దించాడు. “తప్పింది తను కాదే, నేను. సరిగ్గానే పాడుతోంది. హార్మోనియం నేనే తొందరపెట్టాను.”

“ఎప్పటి మాటో, పోనీ పెదనాన్నా” అన్నాను గట్టిగా. ఆయన హెడ్‌ఫోన్స్ మళ్లీ చెవులకు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం పప్పన్నం కూడా సగమే తిన్నాడు.

నాలుగు గంటల బస్సుకు తిరుగుప్రయాణం. పాటను ఆయన ఫోన్‌లోకి కూడా ఎక్కించి, హెడ్‌ఫోన్స్ ఆయనకే ఇచ్చేశాను. దారి బాగుంది, ఒక్కరోజులో హాయిగా వెళ్లిరావచ్చు. పెద్దమ్మ ఉండగానే కొని ఉండాల్సిందన్న బాధ మాత్రం విజయవాడ చేరేదాకా వదల్లేదు. ఎక్కించడానికి వచ్చిన పెదనాన్న, బస్సు కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకుని, అందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు: “రేపు చర్చిలో చెబుతానే. అందరి ముందే కదా తిట్టాను.”