కంబళి కప్పుకున్న ఐసుగడ్డ

ఎనిమిదో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరు వదిలేసుకున్నాం. ముందు ఊపిరి పీల్చుకున్నది బడే. మా అక్క మొగుడు మాత్రం హనుమాన్ జంక్షన్ దగ్గర సైన్సు మేష్టారు. ఇంటికి ఎవరొచ్చినా, ఆగిపోయిన గోడ గడియారాన్ని చూపించినట్టు నన్ను చూపించి, "మా బావమరిదండీ, ఎనిమిదిలో ఆగాడు" అనేవాడు.

డెబ్బైల్లో ఒక ఎండాకాలం, ఒంటిపూట బడుల రోజులు. ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారనీ, ఏ వస్తువు వేడిని ఎంత ఆపుతుందో ప్రయోగం చేసి చూపించకపోతే తనను ఏ అడవుల్లోకో బదిలీ చేస్తారనీ బావ కబురు పెట్టాడు. బెజవాడ నుంచి ఐసు తేవడం నా వంతు.

పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీలో చంటిపిల్లంత గడ్డ కొని, అమ్మ కంబళిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. గన్నవరం వచ్చేసరికి నా లుంగీ తడిసింది.

పక్క సీటు ముసలమ్మ చూసింది. "పోసేశాడయ్యా నీ కొడుకు. ఈ ఎండల్లో కంబళేంటి, కాస్త గాలాడనీ."

"వాడిది చలవ ఒళ్లండీ, మామ్మగారూ."

"తల్లేదీ?"

"ఫ్యాక్టరీలో ఉందండీ."

ఆవిడ ముద్దుగా కంబళిలో చెయ్యి పెట్టి, కెవ్వుమంది. బస్సు ఆగింది. కండక్టరొచ్చి కంబళి విప్పి చూసి, మళ్లీ కప్పాడు. చివరికి, "లగేజీ టిక్కెట్టు తీసుకో" అన్నాడు.

బళ్లో నన్ను చూడగానే బావ తల పట్టుకున్నాడు. ఉన్ని గుండా వేడి సులువుగా పోదని పిల్లలచేత వందసార్లు రాయించిన మనిషి!

"ఒరేయ్, కంబళి కప్పుకుంటే మనకే ఉడికిపోతుందే, ఐసు ఉంటుందట్రా? ఈ ఇత్తడి బిందె ముట్టుకుని చూడు, ఎంత చల్లగా ఉందో!"

"ఐసు బండివాడు గోనె కప్పుతాడు కదా బావా?"

"వాడెంత చదివాడు?"

"నాకంటే రెండు తరగతులు తక్కువ."

"మరింకేం!"

గడ్డ పగలగొట్టి బిందెలో వేశాడు. ఒక్క ముక్క మాత్రం మూతిలో పట్టలేదు. విసుగ్గా కంబళి మీద పడేస్తే, నేను మళ్లీ చుట్టి మూలన పెట్టాను.

పదకొండింటికి ఇన్‌స్పెక్టరు గారు బిందెలోకి తొంగిచూశారు. అందులో ఆయన ముఖమే కనపడింది. బావకు చెమటలు ధారలు కట్టాయి. నేను మూలనున్న కంబళి తెచ్చి విప్పాను. లోపల కోడిగుడ్డంత ఐసు.

"భేష్! ఇత్తడిలో కరిగింది, ఉన్నిలో నిలిచింది. పోలిక బాగా చూపించారు మేష్టారూ! మరి ఈయనెవరు?"

ఏళ్ల అలవాటు బావ గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

"మా... సైన్సు అసిస్టెంటండీ."

"ఏం చదువుకున్నారు?" అన్నారాయన నాతో.

బావ చూపులతోనే నా కాళ్లు పట్టుకున్నాడు.

"మేష్టారి దగ్గరేనండీ," అన్నాను. "ఆయన చెప్పిందానికి ఎదురు చేస్తుంటానండీ, అన్నీ కుదురుతాయి."

ఇన్‌స్పెక్టరు గారు పడీపడీ నవ్వారు. బావ బిందె ఎత్తి, ఆ నీళ్లన్నీ గడగడా తాగేశాడు.