ఇంజన్ తిన్న రొట్టె

హార్లన్ స్టబ్స్‌కి ఇంజన్లంటే పెద్ద గౌరవం లేదు. ఇంజన్ అరుస్తుంది, జనం దాని చుట్టూ మూగుతారు, అసలు పనేమో వెనక చీకట్లో ఉన్న గేర్‌బాక్స్ చేస్తుంది అని అతని వాదన. అమెరికాలో ఇండియానా రాష్ట్రం మన్సీలో, గేర్‌బాక్సులు చేసే ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసిన మనిషి ఇంకోలా ఎందుకు మాట్లాడతాడు? ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటి వెనక షెడ్డు వేసుకున్నాడు. పాతకాలపు దున్నపోతుల్లాంటి కార్లకి, వాటంతటవే గేర్లు మారే పెట్టెలు తీసి, చేత్తో మార్చే నాలుగు గేర్ల పెట్టెలు బిగించడం మొదలుపెట్టాడు. పక్క రాష్ట్రం ఒహాయో నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

అతనికి ఒకటే నియమం. గేర్‌బాక్స్ చేతులతో తోస్తేనే ఇంజన్‌లోకి వెళ్లి కూర్చోవాలి. వెళ్లకపోతే లోపల ఏదో తప్పుంది. బోల్టులు పెట్టి బిగిస్తూ లాక్కునేవాణ్ణి అతను మెకానిక్కుగానే కాదు, మనిషిగా కూడా లెక్కచెయ్యడు.

హార్లన్ తన డెబ్బై నాలుగో ఏట, ఏప్రిల్‌లో, ఒకాయన కారు గేర్‌బాక్స్‌లో నూనె పోసి అడుగు బోల్టుని వేళ్లతో తిప్పి వదిలేశాడు. పానాతో బిగించడం మర్చిపోయాడు. ఇరవై మైళ్లు పోయేసరికి నూనంతా రోడ్డు పాలైంది, గేర్లు మాడిపోయాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య లవాన్‌తో అన్నాడు:

"ఇంకొక్కసారి ఇలాంటిది జరిగిందంటే షెడ్డుకి నేనే తాళం వేస్తా. నువ్వు చెప్పక్కర్లేదు."

అతను ప్రతి ఆదివారం వెళ్లే చర్చికి కూడా ఈమధ్య దారి అడుగుతున్నాడని లవాన్‌కి తెలుసు. అది అతనికి తెలుసో లేదో ఆమెకి తెలియదు.

ఆగస్టులో ఆమె తమ్ముడు డెల్బర్ట్ తన అరవై ఎనిమిది మోడల్ కారు తెచ్చి షెడ్డులో పెట్టాడు. ఇంజన్ వేరే కారు నుంచి ఊడదీసింది. దాని ఇరుసు చివర ఒక గుంట ఉంటుంది, గేర్‌బాక్స్ షాఫ్టు మూతి అందులోకి వెళ్లి తిరగాలి. ఆ గుంటలో ఇత్తడి ఉంగరం అరిగిపోయింది. దాన్ని తియ్యడానికి మన్సీ పాతకాపుల దగ్గర ఒక పద్ధతుంది. తడి రొట్టె గుంటలో కూరి, సరిపడే కడ్డీ పెట్టి సుత్తితో కొడతారు. రొట్టె వెనకనుంచి తోసుకొస్తుంది, ఉంగరం ఊడొస్తుంది. హార్లన్ వంటింట్లోకి వెళ్లి నాలుగు రొట్టె ముక్కలు తెచ్చుకున్నాడు. ఉంగరం చక్కగా ఊడొచ్చింది. కొత్తది కొట్టాడు. ఫ్లైవీలు, క్లచ్చు బిగించాడు.

ఇక గేర్‌బాక్స్ మాత్రం అరంగుళం దూరంలో మొండికేసింది. మూడుసార్లు కిందికి దించాడు, మూడుసార్లు క్లచ్ ప్లేటు సరిచేశాడు. రెండు రోజులు గడిచాయి.

"బావా, ఎంతసేపని దాన్ని బతిమాలతావు? రెండు బోల్టులు పెట్టి లాగేస్తే అదే వస్తుంది" అన్నాడు డెల్బర్ట్, జాక్ పట్టుకుని నిలబడి.

"లాగితే బోల్టు పట్టే చెవి విరిగి నీ చేతికొస్తుంది. అప్పుడు దాన్ని మెళ్లో కట్టుకుని తిరుగు."

"పోనీ నీ చేతుల్లో పస తగ్గిందేమో?"

"నా చేతుల సంగతి మీ అక్కనడుగు."

మధ్యాహ్నం లవాన్ బలోనీ మాంసం పెట్టిన సాండ్విచ్‌లు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. కారు కింద కాళ్లు మాత్రమే కనిపిస్తున్న భర్తతో అంది:

"ఏమయ్యా, నాలుగు రొట్టెముక్కలు తినిపించావుగా దానికి. ఇంకా అరగలేదా?"

డెల్బర్ట్ పగలబడి నవ్వాడు. కారు కింద పానా చప్పుడు ఆగింది.

"మీరు లోపలికెళ్లి తినండి. నేనొస్తా" అన్నాడు హార్లన్.

వాళ్లు వెళ్లాక అన్నీ మళ్లీ విప్పాడు. టార్చి పెట్టి, వంచిన తీగతో ఉంగరం వెనక గెలికాడు. బూడిదరంగు ముద్ద, సుత్తి దెబ్బలకి గట్టిపడినది, ముక్కలు ముక్కలుగా వచ్చింది. షాఫ్టు మూతికి అడ్డుపడింది అదే. ఉంగరం ఊడాక మిగిలిన రొట్టె తియ్యాలని కుర్రాళ్లకి వందసార్లు చెప్పిన మనిషి అతనే. అతను తియ్యకుండా వదిలేశాడని చూసినవాళ్లు ఎవరూ లేరు. చెత్త డబ్బా రెండడుగుల దూరంలో ఉంది. అతను ఆ ముద్దని పట్టుకుని నేలమీద చాలాసేపు కూర్చున్నాడు. భయమేసింది. అరంగుళం గురించి కాదు.

తర్వాత అన్నీ బిగించాడు. బావమరిది తిరిగొచ్చాక ఇద్దరూ కలిసి గేర్‌బాక్స్ ఎత్తారు. అరచేతులతో తోస్తే చప్పుడు లేకుండా వెళ్లి కూర్చుంది.

"చూశావా! క్లచ్ ప్లేటే కదా పక్కకి జరిగింది?" అన్నాడు డెల్బర్ట్. లవాన్ గుమ్మంలో నిలబడి ఉంది.

అవునంటే సరిపోయేది. హార్లన్ చొక్కా జేబులోంచి ముద్ద తీసి వాళ్లిద్దరి ముందూ చెయ్యి చాపాడు.

"రొట్టె. తియ్యడం మర్చిపోయా."

డెల్బర్ట్ నవ్వబోయి, అక్క మొహం చూసి ఊరుకున్నాడు.

నాలుగు రోజుల్లో క్లచ్ పెడలు, గేరు రాడ్డు, నూనె అన్నీ పూర్తయ్యాయి. ఈసారి అడుగు బోల్టు బిగించాక హార్లన్ లవాన్‌ని పిలిచి పానా ఆమె చేతికిచ్చి చూడమన్నాడు. కదల్లేదు. డెల్బర్ట్ కారు బయటికి తీసి, వీధి మొదట్లో ఒకటో గేరు, చర్చి దగ్గర రెండు, గోధుమ గాదెల దగ్గర మూడు వేశాడు. నాలుగోది పడే చప్పుడు కోసం హార్లన్ చెవి ఒగ్గి నిలబడ్డాడు. శుభ్రంగా పడింది. అంత మంచి బిగింపు తను ముందెప్పుడూ చెయ్యలేదనిపించింది, దానికతనికి సంతోషంగానే ఉంది.

షెడ్డు తలుపు కిందికి లాగి తాళం వేశాడు.

"ఇంకో నాల్రోజులు ఆగొచ్చుగా? ఎవరు తరుముతున్నారు?" అంది లవాన్.

అతను తాళంచెవి ఆమె చేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"నువ్వు దాచు. నా దగ్గరుంటే, తాళం ఎందుకేశానో మర్చిపోయి తీసేస్తా."