షబానా చెప్పిన ‘యెస్’

హిందూపురంలో మా పక్కింటి షబానాకు ఈ రోజు ఫోన్లో ఉద్యోగం ఇంటర్వ్యూ జరిగింది. నైట్ డ్యూటీకి ఇబ్బంది లేదు కదా అని మేనేజరు ఇంగ్లిషులో అడిగితే, ‘‘యెస్ సార్’’ అందట. ‘అవును, లేదు’ అని ఆమె ఉద్దేశం. ఇంగ్లిషులో ఆ ప్రశ్నకు ‘యెస్’ అంటే ‘ఇబ్బంది ఉంది’ అని అర్థమని నేను చెప్పగానే ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

‘‘ఉద్యోగం పాయెనేమక్కా?’’ అంటూ వెంటనే మేనేజరుకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. కంగారులో ఇంగ్లిషు మరిచిపోయి, ‘‘సార్, నాకేం ఇబ్బంది లేదు సార్. ఇందాక యెస్ అని తప్పు చెప్పినా’’ అంది.

ఆయన నవ్వాడు. ‘‘మాది ధర్మవరమేలేమ్మా. నీ యెస్సు నాకప్పుడే అర్థమైండాది. సోమవారం వచ్చి చేరు.’’

షబానా నన్ను పట్టుకుని ఏడ్చేసింది. అనవసరంగా భయపెట్టింది నా ఇంగ్లిషే. మీ ‘యెస్’ ఎవరికైనా ‘నో’లా వినిపించిందా?