కళ్ళకలకని చెప్పి సముద్రానికి వెళ్ళిన పిల్ల

మా పెద్దమ్మాయి పోయింది. ఏలూరు పెద్దాసుపత్రి నుంచి మా ఆయన పక్కింటివాళ్ళ ఫోనుకి చేసి చెప్పారు. కామెర్లకి మంచిదంటే చెరుకురసం తెప్పించి, మధ్యాహ్నం బస్సులో పట్టుకెళ్దామని నేనప్పుడు సీసాలో పోస్తున్నాను. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి ఏమీ చెప్పకుండానే ఏడవడం మొదలుపెట్టింది. సీసా నిండిపోయి రసం చేతుల మీదుగా కారిపోతున్నా నేను పోస్తూనే ఉన్నానట. తర్వాత ఆవిడే చెప్పింది.

దానికి ఇరవయ్యేళ్ళు. కొల్లేటి పక్క మా ఊళ్ళలో చాలామంది ఆడపిల్లల్లాగే రొయ్యల షెడ్డులో పని చేసేది. రొయ్యలు మీరు వండుకుని ఉంటారు. అవి ఒలిచే చేతులు చూసి ఉండరు. పొద్దున ఆరింటి నుంచి నిలబడి, ఐసులోంచి రొయ్య తియ్యాలి, తల తుంచాలి, పొట్టు ఒలవాలి, మళ్ళీ ఐసులో వెయ్యాలి. సాయంత్రానికి వేళ్ళు తెల్లగా నానిపోయి స్పర్శ ఉండేది కాదు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే వేడిగా ఉందో చల్లారిందో దానికి తెలిసేది కాదు. మొదటి ముద్ద నా నోట్లో పెట్టి, "కాలుతుందేమో చూడమ్మా" అనేది. నేను చల్లారిందంటేనే తను తినేది.

ఆ షెడ్డుకి మేస్త్రి నా సొంత తమ్ముడు. దాన్ని పనిలో పెట్టింది కూడా వాడే. ఆ మాట దాచను.

మొన్న వేసవిలో మా అమ్మాయికీ, దాని జట్టులో ఇంకో ఏడుగురికీ సముద్రం చూడాలని పుట్టింది. పుట్టినప్పటి నుంచీ చెరువులూ రొయ్యలే గానీ ఎనిమిది మందిలో ఒక్కరూ సముద్రం చూసినవాళ్ళు కాదు. సరుకు వచ్చే రోజుల్లో షెడ్డులో సెలవు ఇవ్వరు. మావయ్యని అడిగితే కుదరదంటాడని దానికి తెలుసు. అప్పుడు ఊళ్ళో కళ్ళకలక తిరుగుతోంది. ఎనిమిది మందీ ఉల్లిపాయ కోసిన వేళ్ళతో కళ్ళు నులుముకుని, ఎర్రగా చేసుకుని వెళ్ళి మేస్త్రి ముందు నిలబడ్డారు. షెడ్డంతా అంటుకుంటుందని వాడికి భయం పట్టుకుంది. "నా వైపు చూడకండే, రేపు ఒక్కత్తి కూడా ఇటు రాకండి" అని చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ పంపేశాడు. ఇంటికొచ్చి అది వాడిలా చెయ్యి అడ్డం పెట్టుకుని చూపిస్తే నేను నవ్వలేక కూలబడ్డాను. మర్నాడు తెల్లారేసరికి పులిహోర కలిపి క్యాను నింపి ఇచ్చింది నేనే.

తలా కొంచెం వేసుకున్న డబ్బులు దారిఖర్చుకే చాలాయి. ఆకివీడులో ప్యాసింజరెక్కి నరసాపురంలో దిగి, అక్కడి నుంచి పేరుపాలెం బీచికి ఎనిమిది మందీ ఒక్క ఆటోలో ఇరుక్కుని వెళ్ళారట. అక్కడ ఐసుబండివాడు వీళ్ళని చూసి గంట కొట్టుకుంటూ వెంటపడ్డాడట. మా అమ్మాయి వాడితో, "అన్నా, రోజూ మాకు డబ్బులిచ్చి ఐసులో చేతులు పెట్టిస్తారు. మేము ఎదురు డబ్బులిచ్చి తింటామా?" అందట. వాడు కూడా నవ్వి బండి అక్కడే ఆపుకుని కబుర్లు చెబుతూ కూర్చున్నాడట.

అలల్లో ఆడారు, పులిహోర తిన్నారు, జారిపోయిన చెప్పు కోసం ఒకత్తి ఏడిస్తే మిగతా ఏడుగురూ వెతికారు. ఇవన్నీ అది చెప్పింది. కానీ ఎక్కువసార్లు చెప్పింది మాత్రం ఇసక సంగతి. మధ్యాహ్నం ఎండకి ఇసక కాగిపోయి ఉంటే, ఎనిమిది మందీ వరసగా కూర్చుని మోచేతుల దాకా చేతులు ఇసకలో పాతిపెట్టుకున్నారట. కాసేపటికి వేళ్ళలోకి వేడి రావడం తెలిసిందట. "అమ్మా, నా వేళ్ళు నాకు తిరిగొచ్చాయే" అంది. మర్నాడు అన్నం కలుపుకుని నన్ను అడగకుండానే తింది.

అక్కడ ఫోటోలు తీసే అతను వాళ్ళని అలా చూసి, చేతులు ఇసకలో ఉండగానే ఫోటో తీశాడు. ఎనిమిది కాపీలకి డబ్బులు లేవు. ఒక్కటి చాలు, ఇంటికో వారం తిప్పుకుందాం అనుకున్నారు. కడిగించి పోస్టులో పంపుతాను, అడ్రసు చెప్పమన్నాడతను. మా వీధిలో ఇళ్ళకి నంబర్లు లేవు. పోస్టుమాను తప్పకుండా వచ్చే చోటు ఒక్కటే తెలుసు మా పిల్లకి. షెడ్డు అడ్రసు రాసిచ్చింది.

ఆ కవరు మేస్త్రి చేతికి వచ్చింది.

వాడు నన్ను పిలవలేదు, దాన్ని పక్కకి పిలిచి తిట్టలేదు. పనిలో ఉన్న ఆడవాళ్ళందరినీ ఆపి, ఫోటోని హాజరు బోర్డు పక్కన మేకు కొట్టి పెట్టాడు. దాని కింద ఎర్ర సిరాతో 'దొంగ కళ్ళకలక' అని రాశాడు. మిగతా ఏడుగురికీ జీతం కోశాడు. మేనకోడలని వదిలేశాననుకుంటారని, ఓనరుగారి ముందు దీన్ని ఒక్కదాన్నే నిలబెట్టి పనిలోంచి తీసేశాడు.

అది ఇంటికొచ్చి, "పోనీలేమ్మా, మావయ్య ఉద్యోగం మావయ్యది" అంది. దేనికైనా అదే మాట. బస్సు తప్పినా, చీర చిరిగినా పోనీలేమ్మా. తర్వాత దూరంగా ఇంకో షెడ్డులో కుదిరి అక్కడే గదిలో ఉంది. అక్కడి నీళ్ళు పడలేదు. వానలు మొదలయ్యేసరికి కళ్ళు పచ్చబడి ఇంటికొచ్చింది. మిగిలింది మొదటే చెప్పాను.

పాడె పట్టడానికి నా తమ్ముడు వచ్చాడు. భుజం మీద తువ్వాలు సర్దుకుని ముందుకొస్తుంటే నేనే అడ్డం వెళ్ళాను. ఊరంతా చూసింది. చూడాలనే చేశాను.

పదకొండో రోజున గుమ్మం బయట నిలబడి, "అక్కా, ఆ ఫోటో తీసి కవర్లో పెట్టి తెచ్చిస్తాను, ఇంట్లో పెట్టుకో" అన్నాడు. నా కూతురు నవ్వుతున్న ఫోటో ఈ లోకంలో అదొక్కటే. నవ్వుతోందని దాని జట్టు పిల్లలు చెప్పడమే గానీ నేనింకా చూడలేదు. ఆ గోడ మీద, ఆ రాతకి పైన చూడనని ఒట్టు పెట్టుకున్నాను. దాని స్నేహితురాళ్ళు తీసుకొచ్చి ఇస్తామంటే వద్దన్నాను.

"అందరి ముందూ పెట్టావు, అందరి ముందూ తియ్యి. నా మేనకోడలు ఒక్కపూట చేతులు కాచుకుంది, దానికి ఇంత చేశానని నోటితో చెప్పి తియ్యి" అన్నాను.

"ఓనరు దగ్గర నా పరువేం కానక్కా?" అన్నాడు.

"నా కూతురిది ఏమైందో అదే అవనీ."

చచ్చినవాళ్ళ పేరు చెప్పి బతికినవాళ్ళని ఏడిపించకూడదని మీరు అనొచ్చు. మా ఆయన కూడా అన్నారు. అది ఉంటే పోనీలేమ్మా అనేదని నాకూ తెలుసు. దాని వంతు మంచితనం అది చేసేసింది. నాకు అది చేతకాదు. చంకనెత్తుకుని పెంచిన తమ్ముడే. వాడు తలెత్తుకు తిరుగుతుంటే నాకు ముద్ద దిగదు.

పన్నెండో రోజు నుంచి పొద్దున ఆరింటికి షెడ్డు గేటు ముందు నిలబడుతున్నాను. అరవను, తిట్టను. మొదటి రోజు వాడు మోటారుసైకిలు దిగి, నన్ను చూడనట్టు బండి తోసుకుంటూ లోపలికి వెళ్ళాడు. నాలుగో రోజు ఆ ఏడుగురూ వచ్చి నా పక్కన నిలబడి, గంట కొట్టాక లోపలికి వెళ్ళారు. ఈ రోజు గంట కొట్టినా వెళ్ళలేదు. వ్యానుల్లోంచి దిగిన మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వాళ్ళ వెనక నిలబడ్డారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "వదినా, మాకూ చేతులున్నాయి" అంది.

లోపల సరుకు దించేసి ఉంది. రొయ్య ఆగదు, ఐసు అంతకన్నా ఆగదు. నా తమ్ముడు తలుపు దగ్గర నిలబడి ఒకసారి మా వైపు, ఒకసారి లోపలి గోడ వైపు చూస్తున్నాడు. జేబులో ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. గేటు కిందుగా ఐసునీళ్ళు సన్నగా పారి నా కాళ్ళ దాకా వచ్చాయి. నేను జరగలేదు.